పాలవెల్లికి కట్టిన దానిమ్మ

నిన్న మా దానిమ్మ కాయను కోసి, అయిదేళ్లలో మొదటిసారి మొహం చిట్లించకుండా గింజలు నమిలాను.

మేముండేది న్యూజెర్సీలో. నేలలో నాటిన ‘వండర్‌ఫుల్’ అనే రకం మొదటి చలికాలానికే మొదలంటా మాడిపోయింది. తరువాత, తుర్క్‌మెనిస్తాన్‌లోని గర్రిగల పరిశోధన కేంద్రంలో వెయ్యికి పైగా దానిమ్మ రకాలను సేకరించిన వృక్షశాస్త్రవేత్త గ్రెగరీ లెవిన్ ద్వారా ప్రపంచానికి తెలిసిన పార్ఫియాంకా రకాన్ని తెప్పించి, చక్రాల కుండీలో పెంచాను. ఆకు రాలగానే వేడి పెట్టని గ్యారేజీలోకి తోసి, నెలకొక చెంబెడు నీళ్లు పోస్తే చెట్టు హాయిగా నిద్రపోయేది.

మూడో ఏడు జూన్ చివర పూత వచ్చింది. గంటల్లాంటి మగపూలు రాలిపోగా, అడుగు కుండలా ఉబ్బిన పూలు నాలుగు కాయలు కట్టాయి. అనంతపురం జిల్లాలో దానిమ్మ తోటల మధ్య పెరిగినవాణ్ణి కనుక ఆ సెప్టెంబరులో వినాయక చవితికి ఇరవై మందిని పిలిచి, పెద్ద కాయను కోసి పాలవెల్లికి నేనే కట్టాను. పూజ అయ్యాక అందరి ముందు దాన్ని చీలిస్తే గింజలు పాలిపోయి, తడి బియ్యంలా ఉన్నాయి. ఒక పెద్దావిడ రెండు గింజలు నోట్లో వేసుకొని, "అనంతపురం వాళ్లయి ఉండి ఈ కాయ కోశావా నాయనా? పప్పులోకి చింతపండు ఆదా అవుతుందిలే" అన్నారు. ఇల్లంతా నవ్వింది. మా ఆవిడ మారుమాట్లాడకుండా కొట్లో కొన్న కాయను వలిచి పెట్టింది.

రాత్రి ఫోను చేస్తే నాన్నగారు, "పూత పట్టి ఎన్నాళ్లయిందిరా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. లెక్కవేస్తే మూడు నెలలు కూడా నిండలేదు; పూత నుంచి కోతకు అయిదారు నెలలు కావాలి. పైగా మామిడిలా గడ్డిలో వేస్తే మగ్గే కాయ కాదది. మొక్కను అమ్మినవాడు "చలి ప్రాంతాలకు అనువైన తియ్యని రకం" అని రాశాడే గాని, చెట్టు చలిని తట్టుకోవడం వేరనీ, కాయకు తీపి పట్టేది వేసవి ఎండవల్లేననీ ఒక్క ముక్క రాయలేదు.

ఈ ఏడు మార్చి చివరి నుంచే పగలు కుండీని దక్షిణపు ఇటుక గోడ పక్కన ఎండకు పెట్టి, మంచు కురిసే రాత్రుల్లో నడుము విరిగేలా లోపలికి తోశాను. మే మూడోవారానికే పూత వచ్చింది. జూన్ దాటాక వచ్చిన పూలను నిర్దయగా గిల్లేశాను. గుండ్రని కాయ పక్కలు పలకలు తేలిన తరువాత, అక్టోబరు చివర, నిన్ననే కోశాను.

ఇవాళ పొద్దున ఆ పెద్దావిడకు ఒక కాయ పంపాను. ఇంకా ఫోను రాలేదు.