అయ్యగారు లేని ఏడాది

మా చర్చి పాత అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ ఆరాధన ముగించి, ఆ వారంలోనే రిటైరై, సామానుతో ఆమదాలవలసలో రైలెక్కేశారు. కొత్త అయ్యగారు వచ్చేసరికి మరుసటి ఏడాది పెంతెకొస్తు కూడా దాటిపోయింది. ఈ మధ్యకాలమంతా ఆరాధనలు, పండుగలు, ఇంటి ప్రార్థనలు, చందా పద్దులు ముగ్గురు సంఘ పెద్దల మీద పడ్డాయి. ఒకాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఇంకొకాయన కౌలు రైతు. మూడోవాణ్ణి నేను. పొందూరు రోడ్డులో నాకు ఎరువుల కొట్టు ఉంది. ఈ కొట్టు గొడవ ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలో చర్చి అంటే జనానికి ముందు బాప్టిస్టులే గుర్తొస్తారు. లండన్ మిషన్ వాళ్లు 1805లోనే విశాఖపట్నంలో దిగినా, మా వైపు ఊళ్లలో వేళ్లూనుకున్నది 19వ శతాబ్దం చివర్లో వచ్చిన కెనడా బాప్టిస్టులు. వాళ్ల మధ్య మాది పాతిక గడపలు కూడా లేని ప్రెస్బిటేరియన్ సంఘం. మా తాతల కాలంలో కొన్ని కుటుంబాలు అస్సాం వైపు కాచారు టీతోటల పనికి వలసపోయాయి. వెల్ష్ మిషనరీలు 1841లో ఖాసీ కొండల్లో మొదలుపెట్టిన పని తర్వాత ఆ మైదానాలకూ దిగింది. మావాళ్లు అక్కడి సంఘంలో కలిశారు, తిరిగొచ్చాక ఇక్కడా ఆ పద్ధతే పట్టుకున్నారు. పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తామని, పెద్దయ్యాకే ఇచ్చే బాప్టిస్టు వియ్యంకులు ఇప్పటికీ మమ్మల్ని ఆటపట్టిస్తుంటారు. పెళ్లిళ్లు మాత్రం ఆగవు.

మా పద్ధతిలో సంఘాన్ని నడిపేది పెద్దల సభ. దాన్ని సెషన్ అంటాం. అయ్యగారు అందులో ఒకరు, అంతే. కాబట్టి ఆయన లేకపోయినా ఆరాధన ఆగకూడదు. పెద్దలు ప్రార్థన చేయవచ్చు, వాక్యం చెప్పవచ్చు. కానీ బాప్తిస్మం, బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు భోజనం) మాత్రం అభిషేకం పొందిన అయ్యగారే ఇవ్వాలి. అందుకని ఖాళీ వచ్చినప్పుడు మా సంఘాలన్నిటి పై సభ అయిన ప్రెస్బిటరీ వాళ్లు వేరే సంఘపు అయ్యగారిని తాత్కాలిక మోడరేటరుగా, అంటే సెషన్ అధ్యక్షుడిగా, వేస్తారు. మాకు వేసినాయన విశాఖలో ఉంటారు. మూడు నెలలకోసారి వస్తారు. ఆగస్టులో పుట్టిన పాప బాప్తిస్మం కోసం అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పాప నాయనమ్మ కనబడ్డప్పుడల్లా, "ఏటి బావూ, మీ అయ్యగారికి ఈ గుంట పెళ్లికైనా తీరికవుద్దా?" అని అడిగేది.

పండుగలు ఎలా గట్టెక్కిస్తామా అని అందరూ బెంగపడ్డారు. నన్నడిగితే అసలు కష్టం పండుగలు లేని నెలలది. పెంతెకొస్తు తర్వాత ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు) దాకా క్యాలెండరులో చెప్పుకోదగ్గ పండుగే ఉండదు. అదే సమయానికి మా ఊళ్లో ఉభాలు, అంటే వరి నాట్లు. కాలువ నీరు వదిలారంటే ఆదివారమని చూడకుండా ఆడా మగా మళ్లలోనే ఉంటారు. కుర్రాళ్లు సగం మంది చెన్నై, హైదరాబాద్, విశాఖల్లో భవనాల పనుల మీద ఉంటారు. జూలై నెలలో ఒక ఆదివారం బెంచీల్లో ముసలివాళ్లు, సండేస్కూలు పిల్లలు తప్ప ఎవరూ లేరు. గ్యాంగ్‌మన్ పెద్దాయన వాక్యం చెప్పడానికి లేచి, అటూ ఇటూ చూసి, పిల్లల్ని ముందుకు పిలిచి యోసేపు కథ చెప్పడం మొదలుపెట్టారు. ముసలివాళ్లు కూడా లేచి ముందు బెంచీల్లోకి వచ్చారు. ఆ ఏడాదంతటిలో నేను విన్న మంచి ప్రసంగం అదే. నా ప్రసంగాలు కాగితం మీద రాసుకుని చదివినవి, వాటి గురించి చెప్పుకునేదేం లేదు.

ఉభాల రోజుల్లో ఆరాధనను ఉదయం ఆరున్నరకు మార్చాం. దానికీ గొడవే. పొలానికి పోయే ముందు వచ్చి కూర్చోవచ్చు కదా అని కౌలు రైతు పెద్దాయన వాదన. కట్టిన చీరతో అటునుంచి అటే మడిలో దిగాలా అని ఆడవాళ్ల ప్రశ్న. చివరికి పొలం బట్టలతో వచ్చినా ఎవరూ ఏమీ అనకూడదని సెషన్‌లో రాసుకున్నాం. మినిట్స్ పుస్తకంలో అలాంటి తీర్మానం ఇంకే సంఘంలోనైనా ఉందో లేదో!

ఆ నెలల్లో సంఘం చెదిరిపోకుండా పట్టింది స్త్రీల సమాజం. వాళ్లది పిడికెడు బియ్యం లెక్క. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు అన్నీ ఒకచోట పోసి అమ్మి, ఆ డబ్బు సంఘానికి కడతారు. మిజోరం ప్రెస్బిటేరియన్లు 1910లో ఇలాంటి పద్ధతే మొదలుపెట్టి, దాని ఆసరాతో పెద్ద మిషన్ పని నడుపుతున్నారు. మా డబ్బు కరెంటు బిల్లుకీ, మోడరేటరుగారి రైలు ఖర్చుకీ సరిపోయేది. చందాలు రాని నెలల్లో కూడా బియ్యం వచ్చాయి. ఆదివారం రాలేకపోయిన ఇల్లాలు కూడా పిల్లలతో డబ్బా పంపేది. డబ్బా వచ్చిందంటే ఆ ఇల్లు మాతోనే ఉందని మా లెక్క.

ఇక నా కొట్టు సంగతి. మా సంఘంలో బల్ల ఏడాదికి నాలుగుసార్లు. ప్రతి బల్లకూ ముందు వారం పెద్దలు తమ వాటాకు వచ్చిన ఇళ్లన్నీ తిరగాలి. ఎలా ఉన్నారు, ఇంట్లో మాట పట్టింపులున్నాయా, బల్లకు సిద్ధంగా ఉన్నారా అని కనుక్కుని, ప్రార్థన చేసి రావాలి. ఇది స్కాట్లండు నుంచి వచ్చిన పాత అలవాటు. అక్కడ పూర్వం పెద్దలు ఇలా విచారించి, అర్హులైనవారికి చిన్న లోహపు బిళ్లలు ఇచ్చేవారట. బల్ల రోజున ఆ బిళ్ల చూపిస్తేనే లోపలికి. మా దగ్గర బిళ్లలు లేవు కానీ తిరగడం ఉంది. అయ్యగారు ఉన్నప్పుడు ఆయన వెనక నడిచేవాళ్లం, సరిపోయేది. ఇప్పుడు ఒంటరిగా వెళ్లాలి. నా వాటాకు వచ్చిన ఇళ్లలో సగానికి పైగా నా కొట్టులో బాకీ ఉన్నవాళ్లే.

సెప్టెంబరు చివర్లో మొదటిసారి బయల్దేరాను. వీధి మొదట్లో నన్ను చూడగానే ఒకాయన గేదెను తోలుకుంటూ పెరటి దారిన జారుకున్నాడు. పక్కింటి పిన్ని నన్ను మంచం మీద కూకోమని, నేను నోరు తెరవక ముందే, "యూరియా డబ్బులు కోతలయ్యాక ఇచ్చేత్తాం బావూ, మీ బాబాయికి బాగోలేదు, ఇంజక్షన్లకే సరిపోతంది" అంది. బల్ల కోసం వచ్చాను పిన్నీ అంటే, "అలగా!" అని ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో జబ్బు ఎంత ముదిరిందో ఆ రోజు దాకా మాకెవరికీ తెలీదు. ఆదివారం కనబడకపోతే ఉభాల పనిలో ఉన్నారనుకున్నాం. పని చేసే స్థితిలో ఆయన లేడు.

ఆ రాత్రి కొట్టు పుస్తకాలు మా తమ్ముడికి అప్పగించాను. బల్ల వారంలో బాకీల మాట ఎత్తకూడదని వాడికి చెప్పి, ఆ సంగతి నలుగురికీ తెలిసేలా చేశాను. డిసెంబరులో తిరిగినప్పుడు గేదెతో జారుకున్నాయనే గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. అయినా అన్నీ చక్కబడ్డాయని చెప్పను. గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరు నా వాటాలోనే ఉన్నారు. ఇద్దరి దగ్గరా కూర్చున్నాను. డిసెంబరు బల్లకు తమ్ముడు వచ్చాడు, అన్న రాలేదు. మార్చి బల్లకు అన్న వచ్చాడు, తమ్ముడు రాలేదు. మా బల్ల గిన్నె మా జిల్లాలోని బూడితిలో చేయించిన కంచుది. ఇద్దరూ ఆ గిన్నెలోని రొట్టే తిన్నారు కదా అని గ్యాంగ్‌మన్ పెద్దాయన సర్దిచెప్పారు. నాకైతే అది సర్దుబాటులా అనిపించలేదు.

కోత పండుగ నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో, వరి కోతల మధ్య వస్తుంది. గుమ్మడికాయలు, అరటి గెలలు, కందులు, కొబ్బరికాయలు, కోడిపెట్టలు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక చెట్టుకింద వేలం పాట. పాడుకున్నవాళ్లు దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చేస్తే మళ్లీ పాట. ఒక గుమ్మడికాయ అలా చేతులు మారి మారి మధ్యాహ్నానికి మేక ధర పలికింది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఉద్దానాన్ని ఊడ్చేసిన ఏడాది అటువైపు చుట్టాల నుంచి కొబ్బరికాయ ఒక్కటి రాలేదని, ఆ సంవత్సరం బీరకాయలకే పాట పెట్టారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిక్కేమిటంటే పాట జోరులో అరిచిన అంకె వేరు, చేతికొచ్చే డబ్బు వేరు. గుమ్మడికాయ బాకీ ఈస్టర్ దాకా సాగింది. వసూలు పని ఎవరికి అప్పగించారో చెప్పక్కర్లేదు.

క్రిస్మస్ గురించి ఎక్కువ చెప్పను, ఏ సంఘంలోనైనా అదే సందడి. నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు, వెదురు బద్దల నక్షత్రం, సెమీ క్రిస్మస్, రాత్రుళ్లు డప్పుతో కేరల్స్. కుర్రాళ్లు పనుల మీంచి తిరిగొస్తారు, సంక్రాంతి దాకా ఉంటారు. జూలైలో ఖాళీగా ఉన్న మందిరం చాలక బయట షామియానా వేయించాం. మన పద్ధతికి పుట్టిల్లయిన స్కాట్లండులో 1560లో ప్రొటెస్టంట్ సంస్కరణ తర్వాత క్రిస్మస్ చేయడమే తప్పనేవారనీ, అక్కడ డిసెంబరు 25 సెలవు రోజు అయ్యింది 1958లోననీ మోడరేటరుగారు ఒకసారి ప్రసంగంలో చెప్పారు. వెనక బెంచీలోంచి ఎవరో "మరి కేకు?" అన్నారు.

శ్రమల దినాల్లో ప్రతి సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన. భస్మ బుధవారం నుంచి ఈస్టర్‌కు నలభై ఆరు రోజులు. ఆదివారాలు తీసేస్తే నలభై. ఇళ్లు తక్కువ, సాయంత్రాలు ఎక్కువ కాబట్టి ప్రతి ఇంటికీ వంతు రెండోసారి కూడా వచ్చింది. మొదటి వారం టీ, బిస్కెట్లు. రెండో వారం ఒకరింట్లో గారెలు. మర్నాడు పక్కవాళ్లు ఉప్మా, జీడిపప్పుతో. ఉపవాస కాలంలో పలహారాల పోటీ ఏమిటని నవ్వుకున్నాం కానీ, మూడో వారంలో కూలికి పోయే ఒక కుటుంబం "ఈసారి మా ఇంట్లో వద్దులే" అంది. ఆ రాత్రే సెషన్ కూర్చుని, ఏ ఇంట్లోనైనా టీ మాత్రమే అని తేల్చింది. గారెలింటి అక్క నాతో చాలారోజులు మాట్లాడలేదు. ఆ కూలి కుటుంబం మాత్రం తమ వంతు రోజున వాకిలి అలికి, ముగ్గుపిండితో చిన్న సిలువ వేసి పిలిచింది.

పదో తరగతి పరీక్షలు సరిగ్గా అప్పుడే పడతాయి. పాటలు పాడే పిల్లలందరూ పుస్తకాల్లో మునిగారు. మట్టల ఆదివారానికి కొబ్బరి మట్టలు కోసిచ్చే చేతులు కూడా లేక గ్యాంగ్‌మన్ పెద్దాయనే, ఎవరు వద్దన్నా వినకుండా, కత్తి పట్టుకుని వెళ్లారు. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. మాట్లాడేవాళ్లు చాలక బాప్టిస్టు సంఘం నుంచి ఒక మేష్టారిని పిలుచుకున్నాం. "దప్పిగొనుచున్నాను" అన్న మాట ఆయన వంతుకు వచ్చింది. ఎండకు ఫ్యాన్లు వేడిగాలి కొడుతుంటే ఆయన మూడే నిమిషాల్లో ముగించారు. ఆయన్ను అందరూ మెచ్చుకున్నారు. ఈస్టర్‌కు ముందు రోజు సమాధులకు సున్నం వేశాం, తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులతో ఆరాధన. సెప్టెంబరులో నేను వెళ్లిన ఇంటి పెద్దాయన అప్పటికి అక్కడే ఉన్నారు. పిన్ని పాటలన్నీ గట్టిగా పాడింది.

కొత్త అయ్యగారు జూన్‌లో వచ్చారు. కుర్రవాడు, పద్ధతి తెలిసినవాడు. మొదటి సెషన్‌లోనే కోత పండుగ తేదీ ఎత్తారు. ఆగమన కాలంలో వేలం పాట బాగోదు, నూర్పులయ్యాక జనవరిలో పెట్టుకుందాం అన్నారు. అప్పటికి వలస వెళ్లినవాళ్లు కూడా ఊళ్లో ఉంటారు, పాట పెరుగుతుంది అని నేను బలపరిచాను. సంక్రాంతికి ఎవరి చేతిలోనూ రూపాయి మిగలదు, కొత్త బట్టలకూ కోడిపందేలకూ పోగా మనకేం వస్తుందని కౌలు రైతు పెద్దాయన అడ్డుపడ్డారు. గ్యాంగ్‌మన్ పెద్దాయన, ముందు కిందటేడు గుమ్మడికాయ బాకీ పూర్తిగా వసూలైందా లేదా చెప్పమన్నారు. వచ్చే సమావేశానికి వాయిదా వేశాం.