సుద్దకొండల పులుపు

షాంపేన్‌లో బుడగలు ఎలా వస్తాయో చెప్పడం సులభం. ఒకసారి పులిసిన వైన్‌ను సీసాలో పోసి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొద్దిగా ఈస్ట్ కలిపి మూత బిగిస్తే అది సీసాలోనే రెండోసారి పులుస్తుంది. బయటికి దారిలేని కార్బన్ డయాక్సైడ్ వైన్‌లో కరిగి, దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో నిలిచి ఉంటుంది. ఈ పని ఎక్కడైనా చేయవచ్చు. అయితే ఆ వైన్ చప్పగా మిగలకూడదంటే, చక్కెర మరీ ఎక్కకముందే కాయకు రుచి రావాలి, పులుపు మాత్రం తగ్గకుండా ఉండాలి. ఆ రెండూ కలిసివచ్చేది కొండవాలు మీద. నల్లగొండ చెలకల మధ్య పెరిగి, ఏ భూమిని చూసినా ముందు దాని వాలునూ నీరు పట్టే గుణాన్నీ గమనించే నాకు షాంపేన్ కథలో ఈ భాగమే అన్నిటికంటే ఇష్టం.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతం సుమారు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు 41 డిగ్రీల ఎత్తుకు మించడు. అదే రోజున నల్లగొండలో దాదాపు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంత ఏటవాలుగా పడే ఎండలో, సూర్యునికి ఎదురుగా వంగిన నేలకు చదును నేలకంటే ఎక్కువ వేడి అందుతుంది. వాలుకు మరో మేలు కూడా ఉంది. వసంతంలో రాత్రిపూట చల్లగాలి బరువుగా కిందికి జారి లోయ అడుగున చేరి, అక్కడి లేత చిగుళ్లను మాడ్చేస్తుంది. నడుమ వాలున ఉన్న తీగలు చాలావరకు తప్పించుకుంటాయి.

వాలు కింద ఉన్న సుద్ద గురించి ఎంత చెప్పినా తక్కువే. క్రెటేషియస్ యుగపు సముద్రంలో కంటికి కనిపించని నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని ఏర్పడిన మెత్తని రాయి అది. ఘనమీటరు సుద్దలో 300 నుంచి 400 లీటర్ల నీరు పడుతుంది. వాన ఎక్కువైతే కొత్త కుండలా పీల్చుకుంటుంది, ఎండాకాలంలో లోతు నుంచి సన్నని రంధ్రాల గుండా నీటిని పైకి పంపుతుంది. తీగ వేళ్లు నీటిలో మునగవు, పూర్తిగా ఎండిపోవు. అందువల్ల కాయ తొందరపడకుండా పండుతుంది. మన మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు కోసం తవ్వే రాయి కూడా సున్నపురాయే, కానీ అది అంతకంటే ఎన్నో రెట్లు పాతది, గట్టిపడినది. నీరు దాని పగుళ్లలోనే తప్ప ఒంట్లో నిలవదు. ఇక మన ఎర్ర చెలక వాన వెలిసిన కొద్ది రోజులకే ఆరిపోతుంది, దాని కింద మొరం, ఆ కింద నల్లరాయి.

సుద్ద రుచే వైన్‌లోకి వస్తుందని చాలామంది రాస్తారు. రాతిలోని ఫ్లోరైడ్ బావినీటిలో కరిగి మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఎముకలను వంచిన జిల్లా నుంచి చూస్తే ఆ మాటను నమ్మాలనిపించడం సహజం. అయినా నేను అంగీకరించలేను. సుద్దకు రుచి లేదు, తీగ రాతిని యథాతథంగా కాయలోకి ఎక్కించదు. నేల వైన్‌ను మలిచేది ముఖ్యంగా నీటి ద్వారా, వేడి ద్వారా.

ఏ వాలున ఏ ద్రాక్ష అన్నది కూడా దీన్నిబట్టే స్థిరపడింది. షాంపేన్‌లోనే తూర్పుకు తిరిగిన కోత్ దె బ్లాన్ సుద్దవాలు మీద దాదాపు అంతా షార్డొనే అనే తెల్లద్రాక్ష. మార్న్ లోయలో బంకమట్టి ఎక్కువ, మంచు భయమూ ఎక్కువ; ఆలస్యంగా చిగురించే మ్యునియే అనే నల్లద్రాక్ష అక్కడ నిలదొక్కుకుంది. దక్షిణాన కోత్ దె బార్‌లో సుద్ద లేదు, సున్నపు బంకనేల ఉంది, అక్కడ పినో న్వార్ అనే మరో నల్లద్రాక్షదే రాజ్యం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది షాంపేన్‌లోని వెర్జెనే గ్రామం. అక్కడి తోటల్లో చాలా భాగం ఉత్తరానికి తిరిగి ఉన్నా, చలిదేశంలో అది లోటుగా కనిపించినా, ఆ ఊరి పినో న్వార్‌కు మొదటినుంచీ గొప్ప పేరు. ఒకప్పుడు సెప్టెంబరు చివర మొదలయ్యే కోత 2003 నుంచి పలుమార్లు ఆగస్టులోనే మొదలైంది. వేడి పెరిగి పులుపు తగ్గుతున్న కొద్దీ, ఎండ తక్కువ పడే అలాంటి వాలులకు విలువ పెరుగుతుందని నా అంచనా.

మన రాచకొండ గుట్టల మీద ఇలాంటి ద్రాక్ష పండించడం సాధ్యమా అని మిత్రులు అడుగుతుంటారు. సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండే ఈ అక్షాంశంలో వాలు ఏ దిక్కుకు ఉన్నదన్నది అంతగా లెక్కలోకి రాదు. రాత్రి చల్లబడాలంటే ఎత్తు కావాలి. నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మెరిసే వైన్‌కు ద్రాక్షను పులుపు పోకముందే, చలి ఉండగానే కోస్తారు. నల్లగొండ అందులో సగం ఎత్తు కూడా లేదు. ఈ చెలకలకు బత్తాయే తగిన పంట.