ముందు యముడికి మొక్కి, తర్వాత ముక్తేశ్వరునికి

కాళేశ్వరం గుళ్లె ఒక్కటే పానవట్టం మీద రెండు లింగాలుంటయి, ఒకటి కాళేశ్వరుడు అంటే యముడు, ఇంకోటి ముక్తేశ్వరుడు అంటే శివుడు. ముందు యముడికి మొక్కినంకనే శివుడి పూజ. పెద్దమ్మతోని హన్మకొండల బస్సెక్కి పరకాల, భూపాలపల్లి, కాటారం మీదుగ పోయినం. పొద్దున్నే గోదావరి, ప్రాణహిత కలిసే కాడ స్నానాలు చేసి లైన్ల నిలబడ్డం. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటయి, అండ్ల పోసిన నీళ్లు లోపల్నుంచే సంగమానికి పోతయంటరు.

స్థలపురాణం ఏం చెప్తదంటే, ముక్తేశ్వరుడు అందరికీ మోక్షం ఇస్తుంటే యముడికి పని లేకుంట అయిందట, పోయి మొర పెట్టుకుంటే శివుడు తన పక్కనే చోటిచ్చిండట. నాకు మాత్రం అక్కడ నిలబడ్డంతసేపు కఠోపనిషత్తే యాదికొచ్చింది. నచికేతుడు యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుంట ఎదురుచూసి, చనిపోయినంక మనిషి ఉంటడా ఉండడా చెప్పుమంటడు, యముడేమో ఏనుగులు, బంగారం, ఎంత ఆయుష్షు కావాలంటే అంత ఇస్త గానీ ఇది అడగకు అంటడు. పిల్లగాడు ఇనడు. చివరికి ఆత్మ గురించి చెప్పే గురువు ఆ యముడే అయితడు. అందుకే ముందు ఆయనకు మొక్కుడు నాకు భయంతోని చేసే పనిలెక్క అనిపించలే, చావు గురించి అడగకుంట నేనెవరో తెలుసుకునుడు అయ్యే పని కాదు, అంతే.

తిరుగు బస్సుల పెద్దమ్మ ఎక్కంగనే నిద్రపోయి పరకాల దగ్గర లేసి "మంచిగ నిద్ర పట్టింది బిడ్డా, ఏం తెల్వలే" అన్నది. ఆత్మ, బ్రహ్మం ఒక్కటే అనే అద్వైతం వాళ్లు పట్టుకునేది సరిగ్గ ఈ మాటనే! మాండూక్య ఉపనిషత్తు పన్నెండు మంత్రాలల్ల జాగ్రత్తు అంటే మెలకువ, స్వప్నం, సుషుప్తి అంటే కల లేని నిద్ర, ఈ మూడిటికి అవతల నాలుగోది తురీయం అని చెప్తది. కల కూడ లేని నిద్రల మనసు పనిచెయ్యదు, మరి హాయిగ ఉండెనని లేసినంక గుర్తుకెట్లొచ్చింది, అనుభవం లేనిది యాదికి రాదు గదా, కాబట్టి అప్పుడు కూడ అన్నీ చూసే సాక్షి, అంటే ఆత్మ, ఉన్నడు అంటరు. తర్కం మీద నడిచే న్యాయ దర్శనం వాళ్లు ఒప్పుకోరు, అది జ్ఞాపకం కాదు, ఒళ్లు తేలిగ్గ ఉన్నదని లేసినంక చేసిన ఊహ అంటరు. బౌద్ధులైతే ఎప్పటికీ మారని నేను అన్నదే లేదంటరు. నేను అద్వైతం దిక్కే ఉంట, ఎందుకంటే ఆ ఊహ చేసేటోడికి కూడ రాత్రి పడుకున్నది నేనే అని ముందే తెలిసుండాలె.

ఇదంత పెద్దమ్మకు చెప్తే కొంచెంసేపు ఇని, "మరి నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు మత్తు ఇచ్చిర్రు గదా, కండ్లు మూసి తెరిసేసరికి అయిపోయిందన్నరు, నడుమ హాయి లేదు, రాత్రి లేదు, ఏం లేదు, అప్పుడేడున్న బిడ్డా నేను?" అన్నది. నాకు జవాబు దొరకలే. ఇంటికొచ్చి ఎతికితే వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలల్ల మూర్ఛ గురించి ఒక సూత్రమే ఉన్నది, మూడో అధ్యాయం రెండో పాదంల పదోది. మూర్ఛ మెలకువ కాదు, కల కాదు, నిద్ర కాదు, చావు కూడ కాదు, అందుకే అర్ధసంపత్తి, అంటే బ్రహ్మాన్ని సగం చేరుకున్నట్టు అంటరు. మత్తుమందు కూడ దీంట్లకే వస్తదని అనుకుంటున్న, ఈ సూత్రాలకు శంకరాచార్యులు రాసిన భాష్యంల ఆ భాగం మొత్తం చదివి పెద్దమ్మకు చెప్పాలె, ఫోన్ చేసినప్పుడల్ల అదే అడుగుతున్నది.