అమ్మ కంటికి వాపు

చెన్నైలో అమ్మకు శుక్లం ఆపరేషన్ జరిగిన మర్నాడు కట్టు విప్పితే, అంతా పొగమంచులా ఉందని, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని చెప్పింది. కంటి ముందుభాగాన ఉండే కార్నియా వాచిందట. ఆ పారదర్శకమైన పొర లోపలి వైపున ఉండి నీటిని నిరంతరం బయటకు తోడే ఎండోథీలియల్ కణాలు, ముదిరిన శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసేటప్పుడు దెబ్బతినవచ్చునని, పోయినవి మళ్లీ పుట్టవని, మిగిలినవే విస్తరించి ఖాళీని పూడుస్తాయని డాక్టరుగారు ఓపికగా వివరించారు. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉండే ఈ కణాలను స్పెక్యులర్ మైక్రోస్కోపీతో ముందే లెక్కించవచ్చు. శుక్లం బాగా ముదిరినవారు ఆ పరీక్ష గురించి తప్పక అడగాలి. రాత్రంతా రెప్పలు మూసి ఉండడంతో నీరు ఆవిరి కాక, అమ్మకు ఉదయం పూట మసక ఎక్కువగా ఉంటోంది. స్టెరాయిడ్ చుక్కలతో పాటు, కార్నియాలోని నీటిని లాగేందుకు వేసే 5 శాతం ఉప్పు చుక్కలకు కన్ను భగ్గుమన్నా ఓర్చుకుంటోంది. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుందని, తగ్గకపోతే ఆ కణాల పొరను మాత్రమే మార్చే శస్త్రచికిత్స ఉందని అన్నారు.