వానలకు ముందే కారు తలుపు రబ్బర్లు చూసుకోండి

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఇక ఆరుబయట నిలిపిన కారు రబ్బరు ఏపాటిది! నెల్లూరు, ఒంగోలు వైపు దానికి ఎండ ఒక్కటే కాదు, తీరం ఉప్పుగాలి కూడా తోడు. చీమకుర్తి దారిలో తిరిగే బండ్లకైతే గ్రానైటు దుమ్ము అదనం. అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాల వాన పక్కవాటుగా కొట్టినప్పుడు గానీ రబ్బరు పోయిన సంగతి తెలియదు. అప్పటికి షెడ్లన్నీ నిండి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరులోనే చూసుకోవడం మేలు.

ఒక్కో తలుపుకు ముఖ్యంగా మూడు రబ్బర్లు. అద్దం మొదట్లో రేకు అంచు మీద బయటికి కనిపించే నల్ల పట్టీ ఒకటి. అద్దం ఎక్కిదిగే గాడిలోని గ్లాస్ రన్ రెండోది. తలుపు మూసినప్పుడు నలిగే బోలు బీడింగ్ మూడోది. బయటి పట్టీ పగిలితే మార్చడమే, అతుకులు నిలవవు. గ్లాస్ రన్ చాలాసార్లు శుభ్రం చేస్తే బాగుపడుతుంది. బీడింగ్‌కు పరీక్ష చేశాకే డబ్బు తీయాలి.

మ్యాటు కింద తడి కనిపించగానే పట్టీ మీద నేరం మోపకండి. అద్దం మీద పడ్డ నీళ్లు కొంత పట్టీ దాటి తలుపు లోపలికి దిగడం కొత్త కారులోనూ మామూలే. అవి పోయేందుకే తలుపు అడుగు అంచున సన్నటి కంతలు పెడతారు. వేపచెట్టు కింద నిలిపే బండ్లకు ఆకు, మట్టి చేరి ఇవి పూడిపోతాయి. బ్రేకు వేసినప్పుడు తలుపులో గళగళ వినిపిస్తే అదే కారణం. ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి తీయండి. ఇనుప తీగ పెడితే లోపలి పెయింటు గీసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. కంతలు బాగానే ఉన్నా తడి వస్తుంటే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి కవరు) వెనక ప్లాస్టిక్ షీటు చూడాలి. స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని చింపి వదిలేయడం మామూలైపోయింది. మందపాటి పాలిథీన్ కోసి, బ్యూటైల్ టేపుతో (బంకలా అతుక్కునే రబ్బరు టేపు) చుట్టూ అంటించి, కింది అంచును తలుపు లోపలి వైపుకు దోపితే నీళ్లు మళ్లీ కంతల దారి పడతాయి. దీనికి రబ్బరు పట్టీ కొనక్కర్లేదు.

ఇక బయటి పట్టీ. దాని లోపల సాధారణంగా పల్చటి ఇనుప రేకు ఉంటుంది. రబ్బరుకు పగులు రాగానే ఉప్పు తేమ లోపలికి పోయి ఆ రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది. పట్టీ అలలు తిరిగినట్టు కనిపించేది అందుకే. కొత్తది కొనేటప్పుడు మోడల్, సంవత్సరం చెబితే చాలదు, ఛాసిస్ నంబరు ఇవ్వండి. ముందు తలుపా వెనకదా, డ్రైవర్ వైపా ఎడమ వైపా అన్నది కూడా. అద్దానికి తగిలే అంచున మఖమలు లాంటి నూగు ఒత్తుగా ఉందో లేదో వేలితో రాసి చూడండి. నూగు లేని చవక పట్టీ అద్దాన్ని కీచుమనిపిస్తుంది.

విప్పడానికి అద్దం పూర్తిగా దించండి. రేకు అంచు వెంట పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి. చాలా మోడళ్లలో తలుపు వెనక అంచున, తాళం వైపు, చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. కొన్నింటిలో అద్దం మూల తిరిగే చోట మిర్రర్ వెనక త్రికోణపు కవరూ తీయాల్సి వస్తుంది. తర్వాత ప్లాస్టిక్ పనిముట్టుతో వెనక కొస నుంచి బెత్తెడు బెత్తెడుగా నిట్టనిలువునా పైకి లేపండి. బయటికి వంచితే రేకు అంచే సొట్ట పోతుంది. స్క్రూడ్రైవర్ దూర్చే పని అస్సలు వద్దు. కాస్త ఎండ తగిలి పట్టీ వెచ్చబడ్డాక తీస్తే క్లిప్పులు తక్కువ విరుగుతాయి.

పాతది ఊడాక రేకు అంచు చూడండి. తుప్పుంటే సన్న సాండ్ పేపరు పట్టి, ప్రైమర్, పెయింటు వేసి, పూర్తిగా ఆరాకే కొత్తది పెట్టాలి. ముందు కొస సరిగ్గా కూర్చోబెట్టి, అరచేత్తో వెనక్కి నొక్కుకుంటూ రండి. ప్రతి క్లిప్పుకూ టక్ మనాలి. సుత్తి దెబ్బలు తినిపిస్తే లోపలి రేకు వంగి, అంచు అద్దాన్ని సమంగా తాకదు.

గ్లాస్ రన్ పాడైతే అద్దం నెమ్మదిగా ఎక్కుతుంది, పక్కకు ఒరుగుతుంది, నిలువు గీతలు పడతాయి. ఆ గీతలు గాడిలో ఇరుక్కున్న గ్రానైటు రేణువుల పనే. ముందు గాలితో దుమ్ము ఊదించండి. ప్లాస్టిక్ స్కేలుకు గుడ్డ చుట్టి, షాంపూ నీళ్లలో ముంచి, గాడి పొడవునా లాగండి. గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా మార్చుకుంటూ పోవాలి. ఆరాక సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టి, అద్దం నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. చాలామంది ఇక్కడే ఇంజినాయిలో, గ్రీజో పూస్తారు. ఈ రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రకం. పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పైగా నూనెకు దుమ్ము అంటి సాండ్ పేపరులా తయారవుతుంది. కొబ్బరినూనె పూసినా దుమ్ము బాధ తప్పదు. మూల దగ్గర గ్లాస్ రన్ చిరిగితే మాత్రం కొత్తది వేయాల్సిందే. దాన్ని సబ్బునీళ్లతో తడిపి, ముందు మూలలు కూర్చోబెట్టి, తర్వాత నిలువు భాగాలు దింపాలి.

బీడింగ్‌కు పది రూపాయల నోటు చాలు. నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టే, చేతికి తెలియకుండా జారితే అక్కడ చదునైపోయినట్టు. చుట్టూ పది పన్నెండు చోట్ల చూడండి. చిన్న చిరుగైతే స్పిరిట్‌తో తుడిచి, ఆరాక ఫెవిక్విక్ ఒక్క చుక్క వేసి నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. ఆ చోట గట్టిపడుతుంది కాబట్టి ఎక్కువ పోయకూడదు. మీటర్ల లెక్కన కొంటే పాత ముక్క తీసుకెళ్లి బోలు భాగం పక్కకుందా పైకుందా, రేకును పట్టే గాడి వెడల్పెంత అన్నవి పోల్చండి. బిగించేటప్పుడు సాగదీయొద్దు. సాగిన రబ్బరు కొన్నాళ్లకు ముడుచుకుని అతుకు దగ్గర సందు ఇస్తుంది. ఒక సెంటీమీటరు ఎక్కువగా కోసి, రెండు కొసలనూ ఒత్తి కలపండి. ఆ అతుకు గడప భాగంలో, కిందే ఉండాలి.

ముందు అద్దం చుట్టూ కారితే చేయి పెట్టకండి. అంబాసిడర్‌లో రబ్బరు గాడిలో తాడు చుట్టి లోపలి నుంచి లాగుతూ అద్దం బిగించేవాళ్లు. ఇప్పటి కార్లలో దాన్ని పాలీయురేథేన్ జిగురు పట్టి ఉంచుతుంది, చుట్టూ ఉన్న పట్టీ అందానికే. అందులో వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నింపితే రేకు తుప్పు పడుతుంది, తర్వాత అసలు జిగురూ సరిగ్గా అంటదు. గ్లాసు షాపుకే తీసుకెళ్లండి.

అన్నీ అయ్యాక మామూలు పైపుతో నీళ్లు పట్టండి, ప్రెషర్ వాషర్ వద్దు. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ముందు గడప దగ్గర, తర్వాత అద్దం పట్టీ, చివరికి పైకప్పు అంచు, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి జారి, ఎక్కడ దూరాయో అంతు చిక్కదు.