మోరిస్ ట్రావెలర్ కిటికీలో నాచు

నేను పనిచేసే గరాజ్ బర్మింగ్‌హామ్ శివార్లలో ఉంది. పాత బ్రిటిష్ కార్లు బాగు చేస్తాం. ఎక్కువగా వచ్చేవి మోరిస్ మైనర్లు. 1948 నుంచి 1971 దాకా పదహారు లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి ఇంకా రోడ్ల మీద కనబడుతూనే ఉంటుంది. మా ఆవిడకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చినవాణ్ణి నేను. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని. అంబాసిడర్ తలుపులు ఎన్ని విప్పానో లెక్కలేదు. అదీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిందే కదా! ఇక్కడ డోర్ ప్యాడ్ ఊడదీస్తే తెలిసినవాళ్ళింట్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది.

తెలియనిదల్లా ఇక్కడి వాన. మన దగ్గర కుండపోతగా కురిసినా, ఎండ కాయగానే తలుపు లోపలి తడి ఆరిపోతుంది. ఇక్కడ చలికాలమంతా తుంపర. గట్టిగా కురవదు, ఆరనివ్వదు. పైగా మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తడి మూలల్లో చేరిందంటే తుప్పుకి పండగే.

మైనర్లలో ట్రావెలర్ అని ఒక రకం ఉంది. వెనక సగం యాష్ అనే చెట్టు కలపతో చేసిన చట్రం. అది అలంకారం కాదు, బండి బలమే దాని మీద ఉంది. ఆ చట్రంలో వెనక అద్దాలు పక్కకి జరుగుతాయి, ఫెల్ట్ గుడ్డ పరిచిన సన్నటి గాడిలో. పడ్డ నీళ్ళు పోవడానికి గాడి కింద చిన్న బొక్కలుంటాయి. అవి దుమ్ముతో పూడుకుపోతే ఫెల్ట్ నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. మొన్నొక బండి వచ్చింది. అద్దం కింద పొడవునా పచ్చటి నాచు, దాని మధ్య రెండాకుల మొలక కూడా! నాచు గీకి స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే నల్లబడ్డ కలపలోకి మెత్తగా దిగిపోయింది. నలభై ఏళ్ళు దాటిన బండ్లకి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయా అని ఏటేటా చేయించే ఎంఓటీ పరీక్ష 2018 నుంచి తప్పనిసరి కాదు. చూసేవాళ్ళు లేక ఇలాంటివి ముదిరాకే మా దగ్గరికొస్తున్నాయి.

ముందు తలుపులది ఇంకో కథ. "నీళ్ళు లోపలికి పోతున్నాయి, సీల్ చేయండి" అంటారు ఓనర్లు. కొందరు ముందే సిలికాన్ పూసేసి తెస్తారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అద్దం పైకీ కిందకీ కదలాలంటే పక్కన సందు ఉండక తప్పదు, సందుంటే నీళ్ళు దిగక తప్పదు. బండి చేసినవాళ్ళకి అది తెలుసు కాబట్టే తలుపు అడుగున బొక్కలు పెట్టారు. సిలికానో, కింద కొట్టిన నల్ల పూతో ఆ బొక్కల్ని మూసేస్తే నీళ్ళన్నీ తలుపులోనే. తుప్పు రేకుని లోపలి నుంచి తినేస్తుంది. బయట పెయింటు బుడగలు కనబడేసరికి రేకు అప్పటికే జల్లెడ.

ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన బాబాయికి వీడియో కాల్‌లో అలా జల్లెడైన తలుపొకటి చూపించాను. "లప్పం పెట్టి మూసెయ్యరా, రెండేళ్ళు లాగుద్ది," అన్నాడు. "ఇక్కడ ఆర్నెల్లు కూడా ఆగదు బాబాయ్," అంటే, "మరి కోసెయ్," అని తేల్చేశాడు.

కోశాను. కుళ్ళిన రేకు తీసి కొత్త ముక్క వెల్డింగ్ చేసి, మిగిలిన తుప్పు గీకి, తుప్పుని ఆపే కన్వర్టర్ మందు పూసి, జింక్ ప్రైమర్ కొట్టాను. పెయింటు ఆరాక సన్నటి గొట్టంతో మడతల్లోకి మైనం స్ప్రే చేశాను. మైనం వల్లే బొక్కలు మూసుకుపోతాయి, అందుకని మళ్ళీ తీగతో ఒక్కొక్కటీ పొడవాలి. చివర్లో అద్దం మీద మగ్గుతో నీళ్ళు పోసి, కింద ధార వచ్చేదాకా అక్కడే నిలబడతాను.

బండి తీసుకెళ్ళిన పెద్దావిడ వారం తిరక్కుండా ఫోన్ చేసింది. వానలో తిరిగొచ్చాక తలుపు అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయట. మా ఓనర్ నవ్వుకుంటూ ఫోన్ నా చేతికిచ్చాడు. కారాల్సిందేనండీ, కారడం ఆగిన రోజు బండి తీసుకురండి అని చెప్పాను. అయితే గరాజ్‌లో కింద ట్రే పెట్టుకోనా అని అడిగింది. పెట్టుకోమన్నాను.