డిస్‌కార్డ్ పెట్టె: మూడు సీడీల్లో రెండు అయ్యాయి

మొదటి శనివారం

అక్కావాళ్లు వర్జీనియా నుంచి వస్తుంటే తెప్పించుకున్న పెట్టె ఇవాళ విప్పాను. '20 ఇయర్స్ ఆఫ్ డిస్‌కార్డ్'. చాటింగ్ యాప్ కాదు, స్పెల్లింగ్‌లో ఒక 'హెచ్' ఎక్కువ. వాషింగ్టన్ డీసీలో 1980లో మొదలైన పంక్ రాక్ రికార్డు కంపెనీ డిస్‌కార్డ్ రికార్డ్స్ 2002లో తెచ్చిన సంకలనం ఇది. మొదటి రెండు సీడీల్లో 50 బ్యాండ్లు, ఒక్కోదానికి ఒక్కో పాట. మూడోది ఎక్కువగా అంతకుముందు బయటికి రానివి. మొత్తం 73 పాటలు.

పాత యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ మీద, సీడీ పాటల్ని కాపీ చేసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్‌తో, తప్పుల్ని పట్టుకునే సెక్యూర్ మోడ్‌లో, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. కంప్రెషన్ 5 పెట్టినా 8 పెట్టినా వినబడేది ఒకటే, సైజులోనే కాస్త తేడా. మొదటి సీడీ ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

ఆదివారం

రెండో సీడీ అంచున గీతలున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినవాళ్లు ఆ మాట చెప్పలేదు. సీడీని డ్రైవ్ మధ్యలోంచి అంచు వైపు చదువుతుంది కాబట్టి దెబ్బ చివరి పాటలకే తగిలింది. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ వేసి కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి నేరుగా తుడిచాను. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. పాట కూడా గుండ్రంగానే రాసి ఉంటుంది, అటు గీత పడితే ఒకేచోట చాలా పోతుంది, డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. ఒక పాట వెంటనే వచ్చింది. ఇంకోటి డ్రైవ్ చదివే స్పీడు 4ఎక్స్‌కి తగ్గిస్తే మూడోసారికి వచ్చింది. అప్పటిదాకా టెన్షనే.

రెండో శనివారం

అసలు పని ట్యాగులు, అంటే ఫైల్లో ఉండే పాట వివరాలు. అన్నిటికీ 2002 అని కొడితే ఐదు నిమిషాల్లో అయిపోయేది, కానీ ఆ పాటల వయసు పోతుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర 'వేరియస్ ఆర్టిస్ట్స్' ఉంచి, ప్రతి పాటకీ మొదట విడుదలైన ఏడాది విడిగా ఎక్కించాను. ఆ వరుసలో విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వేగంగా, గట్టిగా మోగే హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ మైనర్ థ్రెట్‌లో కోపం ఎదుటివాడి మీద. 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి గిటార్ల వేగం అంతే ఉంది, గొంతు మాత్రం తనలోకి తిరిగింది. అరుస్తూ అరుస్తూనే జీరబోతుంది. మనసులోని బాధను పాడే పంక్‌కి ఎమో అన్న పేరు అంటుకున్నది ఇక్కడే. ఆ పేరు డిస్‌కార్డ్ పెట్టినవాళ్లలో ఒకరు, మైనర్ థ్రెట్ గాయకుడు ఇయాన్ మెకాయ్‌కి నచ్చలేదు, ఆయన బ్యాండ్ ఎంబ్రేస్‌ని కూడా అందులోనే కలిపారు మరి. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్‌లోని గై పిచొట్టో, బ్రెండన్ క్యాంటీ ఆ తర్వాత ఆయనతోనే ఫుగాజీ అనే బ్యాండ్‌లో కలిశారు. హార్డ్‌కోర్ నుంచి పోస్ట్-హార్డ్‌కోర్ అనే తర్వాతి శైలి ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే ఈ మూడు నాలుగు పాటలు వరుసగా వినిపిస్తాను.

వాల్యూమ్ సరిచేయడానికి రీప్లేగెయిన్ అనే సెట్టింగ్‌లో, ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే లెక్కన సరిచేసే ఆల్బమ్ మోడే వాడాను. ఒక్కో పాటనీ విడిగా సరిచేసే ట్రాక్ మోడ్‌లో మెల్లని పాటలు కూడా గట్టిగా మోగి, సంకలనం చేసినవాళ్లు చూసుకున్న ఎచ్చుతగ్గులు పోతాయి.

ఆదివారం

గీతలు పడ్డ సీడీకి కొత్త కవర్ చేశాను. మెకాయ్ పాత బ్యాండ్ టీన్ ఐడిల్స్ తొలి రికార్డుకి ఆ పిల్లలు ఒక ఇంగ్లండ్ రికార్డు కవర్‌ని ఊడదీసి, దాన్ని అచ్చుగా పెట్టుకుని, కవర్లు చేత్తోనే కత్తిరించి అంటించారు. నేనూ పాత కవర్ ఒకటి విప్పి చార్ట్ పేపర్ మీద గీసుకున్నాను. లోపలి కొలత 12.5 సెంటీమీటర్లు, అంటించే అంచు ఒకటిన్నర. ఫెవికాల్ బ్రష్‌తో పల్చగా రాయాలి. మొదటిది మందంగా రాసి పాడుచేశాను, తేమకి కాగితం అలలు తేలింది. రెండోదాన్ని రాత్రంతా నిఘంటువు కింద పెట్టాను, పొద్దునకి సాపుగా ఉంది.

మూడో సీడీ ఇంకా ముట్టలేదు. దానిలో విడుదలైన ఏడాది బదులు రికార్డు చేసిన ఏడాది వేయాలి. పెట్టెలోని 134 పేజీల పుస్తకం దగ్గర పెట్టుకుని, వచ్చే శనివారం ఒక్కొక్కటే టైప్ చేస్తాను.